బావిలో రాయి, చేతిలో క్యాలిక్యులేటర్: సమీకరణం తెగకపోతే ఎక్కడ వెతకాలి

పొద్దున ఏడింటికి ఫోన్ మోగిందంటే మనవరాలే. అక్కడ డాలస్‌లో రాత్రి ఎనిమిదిన్నర, హోంవర్క్ టైము. "తాతా, ఇది మళ్ళీ ఎర్రర్ అంటోంది" అంటూ క్యాలిక్యులేటర్ తెరను కెమెరాకు ఆనించేస్తుంది. అంత దగ్గర పెడితే నాకు మసక తప్ప ఏమీ కనపడదు. "కొంచెం వెనక్కి పట్టు బిడ్డా" అనడంతో మా పాఠం మొదలవుతుంది.

ముప్పై ఏళ్ళకు పైగా ఈ నల్లగొండ జిల్లాలోనే జిల్లా పరిషత్ హైస్కూళ్ళలో లెక్కలు చెప్పినవాణ్ణి. నల్లబోర్డు, సుద్దముక్క, లాగరిథం పట్టిక, ఇంతే నా సరంజామా. సమీకరణాలకు గ్రాఫ్ గీసి చూపే గ్రాఫింగ్ క్యాలిక్యులేటర్ అనే వస్తువును రిటైరయ్యాకే చేత్తో పట్టుకున్నాను. మనవరాలికి కొత్త టీఐ-84 ప్లస్ సీఈ కొన్నాక, పాత టీఐ-84 ప్లస్‌ను మా అమ్మాయి సెలవులకు వచ్చినప్పుడు ఇక్కడ వదిలేసి వెళ్ళింది. రామగిరిలో మా ఇంటి వరండాలో కూర్చుని, ట్రిపుల్ ఏ బ్యాటరీలు నాలుగు మార్చి, దాన్ని నొక్కీ నొక్కీ నేర్చుకున్నాను. ఇక్కడ రాసేదంతా అలా తెలిసిందే. మన దగ్గర జేఈఈ, ఎప్‌సెట్ రాసే పిల్లలకు పరీక్ష హాల్లో ఏ క్యాలిక్యులేటరూ ఉండదు. కానీ అమెరికాలో చదివే మనవలు, మనవరాళ్ళు ఇప్పుడు ఇంటింటికీ ఉన్నారు, ఫోన్‌లో సాయం అడిగితే చెప్పాల్సింది మనమే. ఇక్కడి పాలిటెక్నిక్, ఇంజనీరింగ్ పిల్లలు వాడే క్యాసియోకు కూడా ఇందులో సగం మాటలు వర్తిస్తాయి.

ముందుగా ఒక సంగతి. సమీకరణం ఇవ్వగానే ఆ మిషన్ మనలాగా పక్షాంతరం చేసి, కారణాంకాలు విడగొట్టి సాధిస్తుందని పిల్లలు అనుకుంటారు. అలా చేయదు. మనం చూపించిన చోట మొదలుపెట్టి, విలువలు పెట్టి చూసుకుంటూ, సున్నా ఎక్కడ వస్తుందో తడుముకుంటూ వెతుకుతుంది. కొబ్బరికాయ అరచేతిలో పెట్టుకుని చేనంతా తిరిగి బోరు పాయింటు చెప్పేవాళ్ళు మన దగ్గర ఉంటారు చూడండి, వాళ్ళకున్నంత ధీమా దీనికి లేదు. నువ్వు నిలబెట్టిన చోటి నుంచే నడుస్తుంది. కాబట్టి ఎర్రర్ వస్తే మొదటి ప్రశ్న "మిషన్‌కేమైంది" అని కాదు, "నేను దీన్ని ఎక్కడ నిలబెట్టాను" అని.

ఎర్రర్ తెరను చదవండి

పిల్లలు ఎర్రర్ రాగానే క్లియర్ కొట్టేస్తారు. దాంతో ఉన్న ఆధారం కాస్తా పోతుంది. ఆ తెర మీద తప్పు పేరు, దాని కింద 1 క్విట్ అని, చాలాసార్లు 2 గోటూ అని ఉంటాయి. గోటూ కనబడితే 2 నొక్కండి. తప్పు ఎక్కడుందో కర్సర్ అక్కడికే వెళ్ళి మెరుస్తూ నిలబడుతుంది. జవాబుపత్రంలో తప్పు దగ్గర ఎర్ర సిరాతో సున్నా చుట్టినట్టే.

సింటాక్స్ ఎర్రర్ అని ఉంటే, నేను చూసినంతలో ఎక్కువసార్లు దొంగ మైనస్ గుర్తే. ఈ మిషన్ మీద మైనస్‌లు రెండు. కుడి వైపు నిలువు వరుసలో ప్లస్‌కు పైన ఉండేది తీసివేత. అడుగు వరుసలో ఎంటర్‌కు ఎడమ పక్కన, బ్రాకెట్లో చిన్న గీతలా ఉండేది రుణ గుర్తు. "ఐదులోంచి మూడు" అన్నప్పుడు మొదటిది, "మైనస్ మూడు" అన్నప్పుడు రెండోది. బడిలో రెండింటికీ ఒకే గీత గీసే అలవాటు మనది, వేలు తడబడటం సహజం. తెర మీద రుణ గుర్తు కొంచెం పొట్టిగా, కొంచెం పైకి ఉంటుంది. కళ్ళజోడు పెట్టుకుంటే తేడా తెలుస్తుంది.

దాని తమ్ముడు ఇంకొకటి ఉంది. −3 వర్గం ఎంత అని బ్రాకెట్ లేకుండా కొడితే −9 అంటుంది. తప్పు దానిది కాదు. ముందు వర్గం చేసి, తర్వాత రుణ గుర్తు తగిలిస్తుంది. రుణ సంఖ్యను బ్రాకెట్లో పెట్టి వర్గం చేయాలి, అప్పుడే 9. ఇక్కడ ఎర్రర్ కూడా రాదు. ఎర్రర్ రాని తప్పుకే నేను ఎక్కువ భయపడతాను.

బావి లెక్క

పోయిన ఎండాకాలం మనవరాలు వచ్చినప్పుడు కనగల్ మండలంలో మా సొంతూరికి తీసుకెళ్ళాను. పొలం దగ్గర పాత మోటబావి ఉంది. నీళ్ళు ఎక్కడో అడుగున ఉన్నాయి. గట్టు దగ్గర నిలబడి (వంగి చూడనివ్వలేదు, అది వేరే గొడవ) ఒక రాయి వదిలింది. విసరలేదు, వదిలింది. ఫోన్ స్టాప్‌వాచ్ మీద బుడుంగుమన్న చప్పుడు వినేసరికి సరిగ్గా 2 సెకన్లు.

"లోతెంత తాతా?"

లోతు ఎక్స్ మీటర్లు అనుకుందాం. రాయి పడటానికి పట్టే కాలం, ఎక్స్‌ను 4.9తో (గురుత్వ త్వరణం 9.8లో సగం) భాగించి దానికి వర్గమూలం. చప్పుడు పైకి రావడానికి, ధ్వని వేగం సెకనుకు 340 మీటర్లు అనుకుంటే, ఎక్స్/340. రెండూ కలిపితే 2:

√(ఎక్స్/4.9) + ఎక్స్/340 = 2

చేత్తోనూ చేయొచ్చు, వర్గమూలాన్ని ఒక అక్షరం అనుకుంటే మామూలు వర్గ సమీకరణమే. కానీ పిల్ల చేతిలో క్యాలిక్యులేటర్ ఉంది.

మ్యాథ్ మీట నొక్కి, పై బాణం ఒక్కసారి నొక్కండి. జాబితా చివరి వరుసకు గెంతుతుంది, సాల్వర్ అక్కడే ఉంటుంది. ఒక్కో మోడల్లో దాని ముందు అంకె మారుతుంది గానీ చివరి చోటు మాత్రం మారలేదు. పాత మిషన్‌లో "0=" అని ఉంటుంది, అంటే కుడి వైపున్న 2ను మనమే ఇటు తెచ్చి మైనస్ 2 చేసి కొట్టాలి. కొత్త సీఈలో రెండు గళ్ళు ఉంటాయి, ఎడమ పక్షం ఒకదాంట్లో, కుడి పక్షం ఒకదాంట్లో కొడితే చాలు. పాత దాంట్లో సాల్వర్ తెరవగానే ఎప్పుడో కొట్టిన సమీకరణం తాలూకు అక్షరాలు కనబడితే కంగారు పడొద్దు. పై బాణం నొక్కితే ఆ సమీకరణం వస్తుంది, క్లియర్ చేసి కొత్తది కొట్టండి. "తాతా, నాది పోయి పాతది వచ్చింది" అని ఒకసారి పావుగంట ఏడిపించింది ఇది.

ఎంటర్ నొక్కితే ఎక్స్ = అని వస్తుంది, దాని పక్కన ఏదో ఒక అంకె. అదే మిషన్ నిలబడే చోటు. అక్కడ మన అంచనా వేయాలి. నేను 15 వేయించాను. కర్సర్ ఆ ఎక్స్ వరుస మీదే ఉండగా ఆల్ఫా, ఎంటర్. ఉత్త ఎంటర్ కొడితే ఏమీ జరగదు, కర్సర్ కింది వరుసకు దిగుతుంది అంతే. "తాతా, ఇది పనిచేయట్లేదు" అన్న ఫోన్లలో సగం ఇదే.

వచ్చిన జవాబు 19.32.

నేను కాగితం మీద చేసి పెట్టుకున్నది 18.55. మిషన్ ఏ ఎర్రరూ చెప్పలేదు. లోతు కూడా నమ్మేలా ఉంది. నా కాగితం లేకపోతే 19.32 అనే రాసుకునేవాళ్ళం. మళ్ళీ పై బాణం నొక్కి సమీకరణం చూస్తే దొరికింది. వర్గమూలం మీట నొక్కగానే బ్రాకెట్ దానంతటదే తెరుచుకుంటుంది. దాన్ని ఎక్స్/4.9 తర్వాత మూయాలి. పిల్ల ఎక్స్/340 కూడా కొట్టాక మూసింది. అంటే చప్పుడు పైకి వచ్చే కాలం కూడా వర్గమూలం లోపలికి పోయింది. కొత్త మిషన్లలో వర్గమూలం పుస్తకంలో లాగే కప్పు గీతతో కనబడుతుంది. అక్కడైతే కుడి బాణం నొక్కి ఆ కప్పు కింద నుంచి బయటికి రావాలి, రాకపోతే ఆ తర్వాత కొట్టినవన్నీ ఇంట్లోనే ఉండిపోతాయి. బ్రాకెట్ సరిచేసి కొడితే 18.545 వచ్చింది. కింద "లెఫ్ట్-ఆర్టీ=0" అని కూడా ఉంది, అంటే ఎడమ పక్షంలోంచి కుడి పక్షం తీసేస్తే సున్నా. అయితే ఆ సున్నా మనం కొట్టిన సమీకరణానికే సాక్ష్యం, మనం కొట్టాలనుకున్న సమీకరణానికి కాదు. 19.32కు కూడా అదే సున్నా చూపించింది మరి.

బ్యాడ్ గెస్, బౌండ్

అదే లెక్కలో పరీక్షకని అంచనాగా −5 వేయించాను. బ్యాడ్ గెస్ అంది. సబబే, రుణ సంఖ్యకు వర్గమూలం ఎక్కడి నుంచి తెస్తుంది? అంచనా వేసిన చోటా, దాని చుట్టుపక్కలా ఆ సమాసానికి విలువే లేకపోతే అడుగు వేయడానికి నేల దొరకదు. సాల్వర్ తెర మీద బౌండ్ అని ఒక వరుస ఉంటుంది, మొదట్లో మైనస్ 1ఈ99 నుంచి 1ఈ99 (ఒకటి పక్కన 99 సున్నాలు) దాకా, అంటే దాదాపు లోకమంతా. అక్కడ 0, 100 అని హద్దులు వేస్తే ఆ మధ్యలోనే వెతుకుతుంది. అంచనా ఆ హద్దుల బయట పడ్డా ఇదే బ్యాడ్ గెస్ వస్తుంది. పెద్ద అంకె ముందు, చిన్నది వెనక వేస్తే బౌండ్ ఎర్రర్. ఇంతకుమించి ఆ వరుస గురించి ఆలోచించాల్సింది లేదు.

మంచి అంచనా ఎక్కడి నుంచి వస్తుందంటే, నా మట్టుకు పట్టిక నుంచి. వై= మీట నొక్కి సమాసాన్ని అక్కడ కొట్టి, సెకండ్ (2nd అని రాసి ఉన్న మీట), విండో నొక్కి మెట్టు 5 పెట్టి, సెకండ్, గ్రాఫ్ నొక్కండి. బావి లెక్కకు 10 దగ్గర −0.542, 15 దగ్గర −0.206, 20 దగ్గర 0.079 వచ్చాయి. రుణం కాస్తా ధనం అయింది, జవాబు 15కూ 20కీ మధ్య ఉంది. చేత్తో గ్రాఫ్ గీసే రోజుల్లో మేం చేసిందీ ఇదే. గ్రాఫ్ కన్నా పట్టికే నాకు ఇష్టం, వయసు వల్ల కావచ్చు.

గ్రాఫ్ గీశాను, ఏమీ కనపడట్లేదు

ఈ ఫిర్యాదుకు బత్తాయి తోట లెక్క చెబుతాను. దీర్ఘచతురస్రం తోట, చుట్టూ కంచెకు 200 మీటర్ల తీగ పట్టింది, విస్తీర్ణం 2400 చదరపు మీటర్లు, అంటే 24 గుంటలకు కాస్త తక్కువ. పొడవు వెడల్పులెంత? ఒక భుజం ఎక్స్ అయితే రెండోది 100−ఎక్స్. వై1లో ఎక్స్(100−ఎక్స్), వై2లో 2400 కొట్టి, అలవాటు ప్రకారం జూమ్ 6 నొక్కింది. తెర ఖాళీ. అడ్డంగా నిలువుగా రెండు గీతలు, మధ్యలో దాదాపు అక్షం మీదే నిట్టనిలువుగా ఒక గీత, అంతే.

జూమ్ 6 అంటే అటు ఇటు −10 నుంచి 10, పైన కింద −10 నుంచి 10. నల్లగొండ గడియారం సెంటర్‌లో నిలబడి సాగర్ డ్యామ్ కనపడలేదంటే ఎలా? మన వై విలువ 2400 దగ్గర ఉంది. విండో నొక్కి ఎక్స్ 0 నుంచి 100, వై 0 నుంచి 3000 పెట్టించాను. అప్పుడు కొండ లాంటి వంపు, దాన్ని రెండు చోట్ల కోస్తూ అడ్డగీత వచ్చాయి. విండో అంకెలు లెక్కలోంచే వస్తాయి. 200 మీటర్ల కంచెకు ఒక భుజం 100 దాటదు. ఆ కంచెతో వచ్చే గరిష్ఠ విస్తీర్ణం 2500, కాబట్టి 3000 చాలు. ఆలోచించే ఓపిక లేకపోతే జూమ్ 0 నొక్కితే వై హద్దులు అదే సర్దుకుంటుంది. కానీ ఎక్స్ హద్దులు ముందు మనమే సరిగ్గా పెట్టాలి.

తర్వాత సెకండ్, ట్రేస్, 5 ఇంటర్‌సెక్ట్. మొదటి వక్రమా అంటే ఎంటర్, రెండో వక్రమా అంటే ఎంటర్. గెస్ అన్నప్పుడు మాత్రం తొందరపడి ఎంటర్ కొట్టకూడదు. కర్సర్‌ను ఏ ఖండన బిందువు కావాలో దాని దగ్గరికి జరిపి కొట్టాలి. ఎడమ పక్కకు తీసుకెళ్తే 40, కుడి పక్కకు తీసుకెళ్తే 60. ఒక్కసారి ఒక్కటే ఇస్తుంది. "రెండో జవాబు ఎక్కడ?" అని అది మనల్ని అడగదు. ఇంకో ముఖ్యమైన మాట: ఖండన బిందువు తెర లోపల కనబడాలి. బయట ఉంటే నో సైన్ ఛేంజ్ అనేస్తుంది.

గీత గీయకుండా ఎర్రర్ వస్తే ఇంకో చోట చూడండి. ఇన్‌వాలిడ్ డిమ్ అనో, డిమ్ మిస్‌మ్యాచ్ అనో అంటే మీ సమీకరణంలో ఏ తప్పూ లేదు. సైన్స్ ప్రాజెక్టుకు చుక్కల గ్రాఫ్ గీసి ఆపడం మరిచిపోయారన్నమాట. వై= తెరలో పైన ప్లాట్1 అనేది నల్లగా నిండి ఉంటుంది. బాణంతో అక్కడికి వెళ్ళి ఎంటర్ కొడితే ఆరిపోతుంది. ఈ ఒక్కదాని మీద నేను మొదటిసారి ఒక పూట పోగొట్టుకున్నాను. సమీకరణాన్ని ఆరు రకాలుగా తిరగరాశాను, మీ అమ్మమ్మ టిఫిన్‌కు పిలిచి పిలిచి ఊరుకుంది అని మనవరాలికి ఇప్పటికీ చెబుతుంటాను.

నో సైన్ ఛేంజ్ అంటే

అన్నింటిలో ఎక్కువ వణికించే ఎర్రర్ ఇదే, అర్థమైతే అన్నింటికన్నా సులువైంది కూడా ఇదే. సాగర్ ఎడమ కాలువ ఊహించుకోండి. ఒకసారి చూస్తే మీరు కాలువకు ఇవతల ఉన్నారు, ఇంకోసారి చూస్తే అవతల ఉన్నారు. అంటే మధ్యలో ఎక్కడో కాలువ దాటారు. మిషన్ వాదన అంతా ఇంతే. సెకండ్, ట్రేస్, 2 జీరో నొక్కితే లెఫ్ట్ బౌండ్, రైట్ బౌండ్ అడిగేది అందుకే. ఒక హద్దు దగ్గర విలువ రుణం, రెండో హద్దు దగ్గర ధనం ఉంటే, ఈ రెండింటి మధ్య సున్నా దొరుకుతుంది. రెండు హద్దులూ కాలువకు ఒకే పక్క పెడితే "గుర్తు మారలేదు కదా" అంటుంది. హద్దులు జరపండి, సరిపోతుంది.

జరిపినా మారకపోతే? ఎక్స్² − 6ఎక్స్ + 9 = 0 చూడండి. మనకు చూడగానే తెలుసు, (ఎక్స్−3) వర్గం, మూలం 3, అదీ రెండుసార్లు. గ్రాఫ్ పైనుంచి దిగి, అక్షానికి కాలి బొటనవేలు తగిలించి, తిరిగి పైకి వెళ్ళిపోతుంది. కాలువ దాటదు, గట్టు మీద కాళ్ళు తడుపుకుని వెనక్కి వస్తుంది. గుర్తు మారదు కాబట్టి జీరో తరచూ చేతులెత్తేస్తుంది. అప్పుడు అదే జాబితాలో 3 మినిమం వాడండి. వక్రం కింది నుంచి వచ్చి తాకితే 4 మ్యాగ్జిమం. కనిష్ఠం 3 దగ్గర, విలువ సున్నా లేదా సున్నాకు అతి దగ్గర అని వస్తే అదే మూలం. 2.9999987 లాంటిది చూపిస్తే 3 అనుకుని సమీకరణంలో పెట్టి చూసుకోండి.

ఇప్పుడు 9 తీసి 10 పెట్టండి. కనిష్ఠం దగ్గర విలువ 1 వస్తుంది. అంటే వక్రం అక్షాన్ని తాకనే లేదు, వాస్తవ మూలాలు లేవు. ఇక్కడ నో సైన్ ఛేంజ్ అనడమే సరైన జవాబు. ఒకసారి మా పిల్ల ఇలాంటిదానికే అరగంట హద్దులు జరుపుతూ కూర్చుంది. విచక్షణి (బి² − 4ఏసీ) లెక్కగట్టమన్నాను: 36 − 40 = −4, రుణం. పదో తరగతి పుస్తకంలో ఉన్నదే. "ఇంతేనా తాతా" అంది నీరసంగా.

దీనికి పూర్తి విరుద్ధం ఇంకొకటి. 1/(ఎక్స్−2) విలువ 2కు ఎడమ పక్క రుణం, కుడి పక్క ధనం. గుర్తు మారింది, కానీ సున్నా లేదు, మధ్యలో బావి లాంటి గొయ్యి ఉంది. సాల్వర్ సింగ్యులారిటీ అని ఎర్రర్ ఇస్తే హారాన్ని సున్నా చేసే విలువ ఏదో చూసుకోండి.

జవాబు వచ్చింది, కానీ వింతగా ఉంది

సైన్ ఎక్స్ = 0.5 కొడితే 30 రావాలి, 0.5235987756 వచ్చిందా? మిషన్ రేడియన్లలో ఉంది. అది పై/6, ముప్పై డిగ్రీలే. మోడ్ నొక్కి డిగ్రీకి మార్చండి. అక్కడ కూడా 30 ఒక్కటే ఇస్తుంది. 150 కావాలంటే అంచనా 140 దగ్గర వేయాలి. మళ్ళీ అదే మాట, ఎక్కడ నిలబెడితే అక్కడి నుంచే.

జవాబు 1ఈ-13 అని వస్తే పెద్ద అంకె అనుకోకండి. ఈ అంటే పది ఘాతం, దశాంశ బిందువు తర్వాత పన్నెండు సున్నాలు, ఆ తర్వాత ఒకటి. అంటే సున్నా కావాల్సింది గుండ్రంగా చేయడంలో మిగిలిన పొట్టు.

భాగహారం దగ్గర ఒక తిరకాసు ఉంది. టీఐ-84లో 1/2ఎక్స్ అని ఒకే వరుసలో కొడితే సగం ఎక్స్ అనుకుంటుంది. 6÷2(1+2) కొడితే దీంట్లో 9 వస్తుంది, క్యాసియో ఎఫ్ఎక్స్-991ఈఎస్ ప్లస్‌లో 1 వస్తుంది. రెండూ వాటి వాటి నియమాల ప్రకారం సరే. హారం చుట్టూ బ్రాకెట్ పెట్టేస్తే ఎవరితోనూ పంచాయితీ ఉండదు.

క్యాసియో మాట వచ్చింది కాబట్టి: మా పక్కింటి పాలిటెక్నిక్ అబ్బాయి దగ్గర ఉన్నది ఆ 991ఈఎస్ ప్లస్సే. గ్రాఫ్ రాదు, సాల్వ్ మాత్రం ఉంది. సమీకరణంలో సమానం గుర్తుకు ఆల్ఫా, క్యాల్క్ నొక్కాలి. కింద ఉండే మామూలు = కాదు, అది కొడితే లెక్క అప్పుడే ముగిసిపోతుంది. తర్వాత షిఫ్ట్, క్యాల్క్, అంచనా, =. న్యూటన్ పద్ధతిలో వెతుకుతుంది కాబట్టి దానికీ అంచనా ముఖ్యం. కాంట్ సాల్వ్ అంటే అంచనా మార్చండి. ఎల్−ఆర్ సున్నా కాకుండా ఏదైనా పెద్ద అంకె చూపిస్తే ఆ జవాబును నమ్మొద్దు. వర్గ, ఘన సమీకరణాలకైతే మోడ్ 5 ఈక్వేషన్‌లోకి వెళ్ళడమే మేలు, అక్కడ అంచనా గొడవే లేదు.

ఎన్ని చేసినా తెగకపోతే సెకండ్, ప్లస్, 7 రీసెట్. అక్కడ ఆల్ ర్యామ్ జోలికి మొదటే పోవద్దు, దాచుకున్న ప్రోగ్రాములు, జాబితాలు చెరిగిపోతాయి. ముందు డిఫాల్ట్స్ ప్రయత్నించండి. అది మోడ్‌ను మళ్ళీ రేడియన్లకు తీసుకెళ్తుంది, గుర్తుంచుకోండి. తెర పూర్తిగా తెల్లబోతే బ్యాటరీ కన్నా ముందు సెకండ్ నొక్కి పై బాణం పట్టుకుని చూడండి, పాత మిషన్లలో నలుపు తగ్గిపోయి ఉంటుంది అంతే. మిషనే లేనివాళ్ళకు ఫోన్‌లో డెస్మోస్ అనే గ్రాఫింగ్ యాప్ ఉచితం, అమెరికాలో కాలేజీ ప్రవేశానికి రాసే ఎస్ఏటీ పరీక్షలో కంప్యూటర్ తెర మీద ఉండేదీ అదే. దాంట్లో తోట లెక్కను ఉన్నదున్నట్టు కొడితే 40 దగ్గర, 60 దగ్గర రెండు నిలువు గీతలు గీస్తుంది. కాకపోతే మొదట తెర మీద కనపడవు, రెండు వేళ్ళతో చిన్నది చేసుకుంటూ వెళ్ళాలి. విండో గొడవ అక్కడా తప్పదు.

బావి దగ్గర ఇంకొకటి జరిగింది. 18.545 చూసి పిల్ల మురిసిపోతుంటే, స్టాప్‌వాచ్ 2కు బదులు 2.1 అయి ఉంటే ఎంతో చూడమన్నాను. సమీకరణంలో 2 తీసి 2.1 పెట్టి మళ్ళీ ఆల్ఫా, ఎంటర్ కొట్టింది: 20.39. బొటనవేలు సెకనులో పదో వంతు ఆలస్యమైతే లోతు దాదాపు రెండు మీటర్లు మారింది. కాసేపు తెర వంకా, తన వేలి వంకా చూసుకుంది. ఇంతలో పక్క చేను ఆయన, ఆ బావి తవ్వినప్పుడు చిన్నపిల్లాడిగా మట్టి మోసినాయన, సైకిల్ ఆపి "ఏం సార్, పిల్లను ఎండలో నిలబెట్టినవ్" అన్నాడు. నీళ్ళ దాకా లోతెంత ఉంటుందని అడిగాను.

"ఇప్పుడైతే ఇరవై గజాలుంటది" అని, ఆగకుండా వెళ్ళిపోయాడు.

ఇరవై గజాలంటే 18.29 మీటర్లు. మనవరాలు రెండో రాయి వెతకడానికి వెళ్ళింది.